చక్కెర చివర వెయ్యాల

ఆళ్లగడ్డ,
9-11-2025, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి వర్షిణికి,

ఆళ్లగడ్డ నుంచి నీ పెద్దమ్మ జీవమ్మ మనసారా దీవించి రాసే జాబు. ఈడ నేను, మీ పెదనాయన చెన్నకేశవులు బాగుండాము. ఆడ నువ్వు, అల్లుడు మహేశ్వర్, పాప శ్రీవాణి బాగుండారని రాద్దామని కలం పట్టి చానాసేపు కూర్చున్నా. బాగలేరని తెలిసి కూడా బాగుండారని యాల రాసేది? బాగుండాలని రాస్తాండా. అంతే.

ఫోన్ ఉండగా జాబు ఏందీ అని నవ్వుకుంటావేమో. నీ ఫోన్ ఎప్పుడు చూసినా పాప చేతిలో ఉంటాది. నేను ఏం చెప్పినా గట్టిగా పెట్టి ఇల్లంతా వినిపిస్తాది. ఈ సంగతులు నువ్వు ఒక్కదానివే చదువుకోవల్ల. మిద్దె మీద గుడ్డలు ఆరేసే కాడికి పోయి చదువుకో. నేను తొమ్మిదో తరగతితో బడి మానుకున్నదాన్ని. తప్పులుంటే సర్దుకో.

ఈడ వానలు ఇడవక శనగ ఇత్తనం ఈసారి ఆలస్యమైంది. మొన్ననే వేసినాము. మీ పెదనాయనకు మోకాలు నొప్పి తగ్గలేదు, అయినా చేనుకు పోకుండా ఉండలేడు. వద్దంటే, ఇంట్లో కూర్చుంటే నువ్వు టీ తాపించి చంపుతాండావే అంటాడు. ఆ సంగతి కిందికి రాస్తా.

నువ్వు దసరాకు ముందు ఫోన్ చేసిన పొద్దు నాకు మతికి ఉండాది. గొంతు తగ్గించి మాట్లాడినావు. స్టవ్వు ఆర్పేసి ఉంటాది, గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉంటాయి, అయినా ఎండ వాలే యాళకు వంటింట్లో నుంచి చక్కెర మాడిన వాసన వస్తాంది పెద్దమ్మా అన్నావు. పోయి చూస్తే ఏమీ ఉండదంటివి. పక్కింటి జానకమ్మకు చెప్తే, మొదటామె ఇంకా పొయ్యి ఇడిసిపెట్టలేదమ్మా అనిందంట. ఆయమ్మ నోరు అట్లాంటిది. కానీ ఆ మాట నేనూ తీసిపారెయ్యలేకపోయినా.

ఇంకో మాట కూడా అన్నావు. నేను పెట్టిన టీ ఆయన ముట్టడు, గ్లాసు తీసుకుంటాడు, పక్కన పెడతాడు, మీగడ కట్టినాక నేనే పారబోస్తాండా, మళ్లీ స్టేషన్ దారిలో టీ బంకు కాడ నిలబడి తాగుతాంటే నా కండ్లతో చూసినా అన్నావు. మళ్లీ నువ్వే, రజినక్క టీ ఎట్ల పెడ్తాండెనో నాకు చెప్పు పెద్దమ్మా, నేనూ అట్లే పెడతా, ఆయన తాగుతాడు, ఆమెకూ నిమ్మళమైతాది అన్నావు.

తల్లీ, నా కూతురు రజిని పోయి రెండేండ్లు దాటింది. ఆ వంటింట్లోనే, ఆ స్టవ్వు ముందరే పడిపోయింది. పోయిన ఏడాది నేనే గోస్పాడుకు వచ్చి, మీ అమ్మానాయనలతో మాట్లాడి, నిన్ను ఒప్పించి నంద్యాలలో నా బిడ్డ ఇంటికి తెచ్చుకున్నా. పాపకు తల్లి కావాలనే ఆలోచన తప్ప నా తలకాయలో వేరే ఏమీ లేదు అప్పుడు. నీకు ఏం కావాలని నేను అడగనే లేదు. ఆ ఇంటికి పోయి ఏడాది కాకముందే నువ్వు, పోయిన నా బిడ్డ మాదిరి అయిపోతా, ఎట్లనో చెప్పమని నన్నే అడుగుతాండావు. ఫోన్ పెట్టేసినాక మీ పెదనాయన, ఏమైంది, ఎవరికన్నా బాగలేదా అని అడిగినాడు. అవునన్నా.

అందుకే, చెప్పేది కాదు, వచ్చి చూపిస్తానని బస్సెక్కినా.

ఆ వంటింట్లోకి నేను రెండేండ్లుగా అడుగు పెట్టలేదు. మీ పెండ్లప్పుడు కూడా ముందు వరండాలోనే కూర్చోని వచ్చేసినా. నీకు తెలీదులే. బస్సు దిగి వచ్చిన పొద్దు లోపలికి పోయినాక మొదట చూసింది స్టవ్వు వెనక గోడను. పొగ పట్టిన నలుపు. రెండు తూర్లు రంగు కొట్టించినా పెద్దమ్మా, లోపల నుంచి మళ్లీ పైకి తేలుతాంది అన్నావు. నేను చెయ్యి పెట్టి చూసినా. చల్లగా ఉండాది. మెడ వెనక ఎవరో ఊపిరి వదిలినట్లయింది. తిరిగి చూస్తే పప్పు డబ్బాలు, ఉప్పు జాడీ, చేతిగుడ్డ తగిలించిన మేకు. అంతే. మనిషి లేదు. మనిషి ఉన్నట్ల మాత్రం ఉండాది.

నువ్వు పాపను తెచ్చుకోను వీధి చివర ఆటో ఆగే కాడికి పోయినావు. అల్లుడు ఇత్తనాల అంగడి నుంచి అన్నానికి వచ్చి, తిని, ముందు గదిలో నడుం వాల్చినాడు. ఆదివారం తప్ప ఆ పొద్దుకు ఆయన ఇంట్లో ఉండడు. ఆ దినం ఇత్తనాల లారీ రాలేదని ఉండిపోయినాడు. నువ్వు వచ్చేలోగా టీ పెట్టి చూద్దామని నేను గిన్నె పెట్టినా. చక్కెర గిన్నెలో పోసి, ఏందో ఆలోచనలో పడి నీళ్లు పొయ్యడం మర్చిపోయినా. చక్కెర ఎర్రబడి, వాసన లేచింది. నా మతిమరుపు అని నీకు ఆ పొద్దే చెప్పినా.

ముందు గదిలో కుర్చీ పడిన చప్పుడయింది. రజినీ అని అరుస్తా వచ్చినాడు. గడప తగిలి తూలినాడు, గోడ పట్టుకున్నాడు. నేను ఎదురుగానే నిలబడి ఉండా. నన్ను చూడలేదు వర్షిణీ. నా కాళ్ల కాడ నేలను చూసినాడు. ఖాళీ నేలను. అట్లే చూస్తా ఉన్నాడు. రజిని పడిపోయిన జాగా అది.

అప్పుడే నువ్వు, పాప వాకిట్లోకి వచ్చినారు. ఆ కేక నీకు వినబడింది. నీ మొఖం నేను చూసినా. పాప సంచి ఆడనే పెట్టి మిద్దె మెట్లు ఎక్కి పోయినావు.

మాపటేల నేను పైకి వస్తే, నువ్వు గుడ్డలు సంచిలో సర్దుకుంటాండావు. నేను గోస్పాడుకు పోతా పెద్దమ్మా అన్నావు. ఏడాదిగా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, లేని మనిషిని మాత్రం ఇల్లు అదిరిపోయేట్ల పిలుస్తాడు, ఇంక నేను ఈడ ఎవరిని అన్నావు. రజిని టీ ఎట్ల పెట్టాల్నో రాసి పంపిస్తా, నా జాబు వచ్చేదాకా నంద్యాల ఇడిసిపెట్టొద్దు అని బతిమాలుకున్నా. నువ్వు సరే అన్నావు. నా మీద మర్యాదతో అన్నావని తెలుసు. ఆ మాట మీదనే నెల దినాలుగా ఉండావు.

ఇప్పుడు నువ్వు విననిది రాస్తాండా. నువ్వు మిద్దె ఎక్కినాక కింద జరిగింది.

నేను పాపను జానకమ్మ ఇంటికి పంపించి, స్టవ్వు ఆర్పినా. మహేశ్వరు ఆ గోడకే వీపు ఆనించి నేల మీద కూర్చుండిపోయినాడు. లే నాయనా, నేనే చక్కెర మాడ్చినా, ఏమీ కాలేదు అంటే, తలకాయ అడ్డంగా ఊపినాడు. అత్తా, రజిని పడిపోయిన పొద్దు నేను ఇంట్లోనే ఉండా అన్నాడు.

ఉన్నాడని నాకు తెలుసు. అంతవరకే తెలుసు.

ముందు గదిలో ఫోన్ మాట్లాడుతాండా, ఎవరో ఇత్తనాలు మొలకెత్తలేదని గొడవ చేస్తాండాడు, లోపల నుంచి మాడిన వాసన వచ్చింది అన్నాడు. రజినీ, ఏం మాడుస్తాండావే అని అరిచినా, కోపంగా అరిచినా అత్తా, పలకలేదు, పలకకపోతే అలిగిందనుకున్నా, మళ్లీ ఫోన్ మాట్లాడుకుంటా ఉండిపోయినా, పొగ ముందు గదిలోకి వచ్చినాక లేచి పోయినా అన్నాడు. అని రెండు చేతులతో మొఖం మూసుకున్నాడు.

రెండేండ్లు నా మనసులో ఒకటే ప్రశ్న వర్షిణీ. నా బిడ్డ పడిపోయినప్పుడు ఇంట్లోనే ఉండి ఈ మనిషి ఏం చేస్తా ఉన్నాడు? ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. అడిగితే, చెప్పితే, ఆ మనిషి ముందర నేను మళ్లీ కూర్చోలేనేమో అని. ఆ పొద్దు అడగకుండానే జవాబు వచ్చింది. కోపం వస్తాదని చూసినా. రాలేదు. నేల మీద ఆయన పక్కనే కూర్చోని తల నా ఒళ్లోకి తీసుకున్నా. అంత మొగోడు పసిబిడ్డ మాదిరి ఏడ్చినాడు.

కర్నూల్లో డాక్టరు నాకు చెప్పింది చెప్పినా. తలలో నరం చిట్లింది, నేల మీద పడేలోపలే ప్రాణం పోయింది, పక్కనే నిలబడి ఉన్నా చేసేదేమీ లేదని ఆయనే నాతో అన్నాడు. మహేశ్వరుకు కూడా చెప్పినాడంట. నమ్మలేదు. నమ్మడు. నేను చెప్తే ఆ పొద్దు రోంత నమ్మినట్లు అగుపడినాడు.

తర్వాత ఆయన అన్న మాట కోసమే నేను ఈ జాబు రాస్తాండా. బాగా చదువుకో.

టీ అంటే నాకేం పగ లేదత్తా, వర్షిణి స్టవ్వు ముందర నిలబడితే నాకు పాణం నిలవదు అన్నాడు. ముందు గదిలో కూర్చుంటే చెవులన్నీ ఆడనే ఉంటాయి, గిన్నె చప్పుడు ఆగితే గుండె ఆగుతాది, లోపలికి పోయి నిలబడితే ఏందప్పా నా వెనకాల అనుకుంటాదేమో అని పోలేను, అందుకని ఆ యాళకు ఇంట్లో నుంచి బయటపడి, అంతా అయిపోయింటాదని అనుకున్నాక వస్తా అన్నాడు. వచ్చినాక ఆ గ్లాసు ఇస్తే, గొంతు దిగదు అన్నాడు. పేరు పెట్టి యాల పిలవవు నాయనా ఆ బిడ్డను అని నేను అడిగినా. వంటింట్లోకి పేరు పెట్టి పిలిస్తే ఒకసారి పలకలేదు కదత్తా అన్నాడు.

ఇది నువ్వు పైన ఉండి వినలేదు. విని ఉంటే సంచి సర్దుకునేదానివా?

నీతో చెప్పొద్దన్నాడు. నేను తల ఊపినా, మాట ఇయ్యలేదు. ఆ పొద్దు పైకి వచ్చినప్పుడే నీతో చెప్పాల్సింది. కానీ నాకూ అది అప్పుడే తెలిసిన సంగతి తల్లీ. బస్సులో ఆళ్లగడ్డ వచ్చేదాకా కిటికీలో తలకాయ పెట్టి కూర్చున్నా.

సరే, టీ సంగతి. రజిని పద్ధతి రాసి పంపుతానన్నా కదా. నాకు కొలతలు సరిగా మతికి రాక ఈడ దినమూ పెట్టి చూస్తాండా. రుచి చూసేది మీ పెదనాయన. మొదటి దినం, ఇది టీనా కషాయమా అన్నాడు. ఇంకో పొద్దు, దీన్ని కుడితిలో పోసి ఎనుముకు తాపిద్దాం అన్నాడు. మొన్న మాత్రం ఏమీ అనకుండా తాగి, గ్లాసు నా ముందర పెట్టి, ఇంకో రోంత ఉండాదా అన్నాడు. అప్పుడు కుదిరిందనుకున్నా.

నంద్యాలలో నీ బోరు నీళ్లు పనికిరావు. ఉప్పు నీళ్లకు టీ రంగు నల్లగా వస్తాది గానీ రుచి దిగదు. తాగే క్యాను నీళ్లే పోసుకో. ఇద్దరికైతే రెండు గ్లాసుల నీళ్లు. ఇంకేమీ వెయ్యకుండా నీళ్లు బుడగలు లేసేదాకా తెర్లనీ. అల్లం పొట్టు తీసి రోట్లో కచ్చాపచ్చాగా దంచాల, మెత్తగా నూరితే టీ ఘాటుగా అయిపోతాది. దంచే పని నువ్వు పెట్టుకోవద్దు, అల్లుడికియ్యి. రోలు వంటింటి గడప కాడ పెట్టు. ఆడ కూర్చోని దంచమను. నీళ్లు తెర్లేటప్పుడు అల్లం వేసి, పచ్చి వాసన పోయేదాకా కాగనీ. అల్లం సరిగా కాగకముందే పాలు పోస్తే విరిగిపోతాయి, అది మాత్రం మర్చిపోవద్దు.

తర్వాత మంట తగ్గించి టీ పొడి. సన్న పొడి ఒక్కటే వేస్తే రంగు వస్తాది, వాసన రాదు. ఆకు పొడి ఒక్కటే అయితే వాసన వస్తాది, బలం ఉండదు. రెండూ సగం సగం కలిపి డబ్బాలో పెట్టుకో. పొడి పడినాక తెర్లనియ్యొద్దు, చిన్న మంట మీద పొంగు లేకుండా ఊరనీ. పాలు పక్క పొయ్యి మీద వేడి చేసి పెట్టుకోవాల. ఫ్రిజ్జులో చల్లపాలు పోస్తే టీ అట్లే సచ్చిపోతాది. వేడి పాలు పోసినాక మంట పెంచు. పొంగి అంచుకు వచ్చినప్పుడు గిన్నె పైకెత్తు, దిగినాక మళ్లీ పెట్టు. అట్ల రెండు మూడు తూర్లు. ఒక యాలక్కాయ పొట్టుతో నలిపి వెయ్యి.

చక్కెర అన్నింటికంటే చివర. దించేముందు. ముందు వెయ్యనే వద్దు. చక్కెర కరగనిచ్చి, మూత పెట్టి, అల్లుడు గ్లాసులు తెచ్చేలోగా అట్లే ఉండనీ. తర్వాత వడగట్టు.

ఇంకొకటి ఉండాది. ఇది గిన్నెలో వేసేది కాదు. టీ పెట్టేంతసేపూ నువ్వు మాట్లాడతానే ఉండు. ఏదో ఒకటి. పాప స్కూల్లో ఏం చేసిందో, జానకమ్మ ఎవరి మీద ఏం చెప్పిందో, గోస్పాడులో మీ నాయన పైరుకు నీళ్లు పెట్టినాడో లేదో. నీకు మాట్లాడే అలవాటు తక్కువ, నాకు తెలుసు. అయినా మాట్లాడు. ఆయన గడప కాడ ఉన్నా సరే, ముందు గదిలో ఉన్నా సరే, నీ గొంతు తెగకూడదు. మొదట రెండు దినాలు నీకే నవ్వొస్తాది. రానీ. ఆయన పలికేదాకా మాట్లాడు.

ఆయన చెప్పిన సంగతి నీకు తెలిసినట్లు అగుపడనీయొద్దు. తనంతట తాను చెప్తాడు. చెప్పినప్పుడు మొదటిసారి విన్నట్లు విను.

గోస్పాడుకు పోవాలని నీకు అప్పటికీ అనిపిస్తే, నేనే వచ్చి నిన్ను దిగబెడతా. నా మాట కోసం నువ్వు ఒక్క పొద్దు కూడా ఎక్కువ ఉండనక్కర లేదు. పాప సంగతి నేను చూసుకుంటా. ఇది కోపంతో రాసేది కాదు, బెదిరించేది కాదు. నిన్ను తెచ్చింది నేను కాబట్టి.

పాపకు ముద్దులు. దాని జడకు నూనె ఎక్కువ పెట్టొద్దు, జలుబు చేస్తాది. అల్లుడికి మా ఆశీస్సులు. మీ అమ్మానాయనలను అడిగినానని చెప్పు.

ఎప్పుడూ నీ మేలు కోరే
పెద్దమ్మ
జీవమ్మ

తాజా కలం: కవరు అంటించి మీ పెదనాయన చేతికిచ్చినా. ఆయన చెప్పులేసుకుని గేటు దాటినాక ఉండబట్టలేక వెనక్కి పిలిచి తీసుకున్నా. చింపి, ఈ కాగితం లోపల పెడతాండా.

పైన రాసిన టీ రజినిది కాదు.

ఆ పొద్దు నేను మర్చిపోయి చక్కెర మాడ్చలేదు. రజిని టీ అంటే అదే. వట్టి గిన్నెలో ముందు చక్కెర పోసి, కదపకుండా ఎర్రగా కాగనిచ్చి, దాని మీద నీళ్లు పోస్తాండె. చుర్రుమని పొగ లేసి, ఆ వాసన వీధి దాకా పోతాండె. పెండ్లయిన కొత్తలో యాడ నేర్చుకుందో ఏమో, నేను నేర్పింది కాదు. పడిపోయిన పొద్దు ఆ నీళ్లు పొయ్యకముందే పడిపోయింది. నువ్వు అడిగింది అదే టీ, నేను నీకు చూపిద్దామని వచ్చింది అదే టీ.

మహేశ్వరు అరుపు నువ్వు విన్నావు. పాప అన్నది నువ్వు వినలేదు. నువ్వు మెట్లెక్కుతాంటే అది వంటింట్లోకి పరిగెత్తుకుంటా వచ్చి, నా కొంగు పట్టుకుని, అవ్వా, అమ్మ వచ్చిందా అని అడిగింది. అమ్మ టీ పెట్టినావా అనలేదు. అమ్మ వచ్చిందా అనింది. దాని కండ్లు స్టవ్వు కాడ వెతుకుతాండాయి. ఈ టీ నీకు నేర్పితే, దినమూ నీ చేత్తో నువ్వే రజినిని ఆ ఇంట్లోకి పిలుస్తావని ఆడనే తెలిసింది. అందుకే మతిమరుపు అని అబద్ధం చెప్పినా. అల్లుడితో కూడా అదే చెప్పినా. ఆయనకు తెలియకుండా ఉంటాదా?

ఈ నెల దినాలు ఈడ కూర్చోని పెట్టి చూసిన టీ నీ కోసం కుదిర్చింది. రజినిది అని చెప్పి పంపిస్తే అయిపోతాదిలే అనుకున్నా. జాబు అంటించినాక తోచింది. రేపు అల్లుడు ఆ గ్లాసు ఖాళీ చేస్తే, రజినిది తాగినాడని నువ్వు అనుకుంటావు. నవ్వుతానే లోపల ఏడుస్తావు. నీకు నేను ఆ పని చెయ్యలేను తల్లీ. ఆయన తాగితే, నీది తాగినట్లు. అందులో నా బిడ్డ చెయ్యి యాడా లేదు.

రజినిది ఎట్లనో ఇప్పుడు నీకూ తెలిసింది. పెట్టొద్దు. ఆ ఇంట్లో ఎప్పుడూ పెట్టొద్దు.

పోయిన వారం ఫోన్లో, ఆ వాసన ఇప్పుడు రావడం లేదు పెద్దమ్మా, ఏమైందో అన్నావు. ఏమైందో నాకు తెలుసు. రజిని టీ నేను ఈడ పెడతాండా. నీది పెట్టి చూసినాక, మాపటేల, మీ పెదనాయన చేను నుంచి రాకముందు, రజినికి విడిగా. చక్కెర ఎర్రబడేటప్పటికి నా వెనకాల గాజుల చప్పుడు వినపడతాది. నేను తిరిగి చూడను. చూసి, ఎవరూ లేకపోతే నేనేం కావల్ల? కూర్చోమ్మా, అయిపోవచ్చింది అంటా. మీ పెదనాయన వచ్చి, గడపలో నిలబడి గాలి పీల్చి, కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చుంటాడు.

నా బిడ్డ నా ఇంటికి వచ్చింది వర్షిణీ. ఆ ఇల్లు ఇంక నీది.